ప్యానెళ్లకు చలువ చేసిన రోజు

మే నెల, ఆదివారం, మధ్యాహ్నం. స్థలం: సూరత్ బమ్రోలిలో మా డాబా. హాజరైనవారు: నేను, బామ్మర్ది, కాస్త ఆలస్యంగా మా ఆవిడ.

ఆ రోజుల్లో నేను కొత్తగా రిటైరైనవాణ్ణి, అంటే పెద్దరికంలో ఇంకా పసివాణ్ణి. మరమగ్గాల షెడ్డులో జీవితమంతా మేస్త్రీగా అజమాయిషీ చేసినవాడికి ఇంట్లో ఒక్క మగ్గమూ లేదు. ఉక్కకు నిద్ర పట్టడం లేదు, ఏసీ పెట్టించమని మా ఆవిడ అడిగితే, కరెంటు బిల్లు తలచుకుని, ముందు సోలార్, తర్వాతే ఏసీ అని తీర్పు చెప్పాను. సోలార్‌కు ముందు సూరత్ వాతావరణాన్ని పరిశీలించాలి కదా (పరిశీలన అంటే డాబా మీద కుర్చీ వేసుకుని ఎండను డైరీలోకి ఎక్కించడం). ఎండాకాలం రాశాను, వానాకాలం రాశాను, మిల్లుల పొగ ఎటు పోతుందో కూడా రాశాను. ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది.

చివరికి ప్యానెళ్లు అమ్మే భాయ్ రెండు రకాలు చూపించాడు. బామ్మర్ది అద్దాన్ని చీరకొంగులా బొటనవేలితో రుద్ది, "ఇది మందంగున్నది బావా, తీస్కో" అన్నాడు. వేడెక్కితే ఏ ప్యానెలైనా కరెంటు తక్కువిస్తుందని, ఈ రకం మన ఎండకు కాస్త తట్టుకుంటుందని భాయ్ చెప్పాడు. అదే బిగించాం.

ఆ ఆదివారం ప్యానెల్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. షెడ్డులో వేడికి దారం తెగుతుంటే తడి గోనెసంచులు వేలాడదీసేవాళ్లం. దారానికి పనికొచ్చిన వైద్యం దీనికెందుకు పనికిరాదు? ఇద్దరం కలిసి ప్యానెళ్లన్నిటి మీదా తడి గోనెలు పరిచాం. మీటరు చూసి రమ్మని బామ్మర్దిని కిందికి పంపాను.

"బావా, మీటర్ పండుకున్నది."

"చల్లబడ్డదా?"

"మస్తు చల్లబడ్డది. సున్నా."

అతని వెనకే మా ఆవిడ వచ్చింది. గోనెల్ని చూసింది, నన్ను చూసింది. "గన్ని దినాలు ఎండను రాస్తివి. గా ఎండ దీని మీద పడాలన్న ముక్క రాస్కోలేదా?"

"రాసే ఉంటడక్కా," అన్నాడు బామ్మర్ది, "మల్ల సదువుకోలేదంతే."

"ఏసీ సంగతేంది మరి?"

"ప్యానెళ్ల చలికాలం లెక్క ఇంకా సూడలే," అన్నాను గంభీరంగా. ఆవిడ మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా ఏసీ బిగించే మనిషి వచ్చాడు. ఎవరు పిలిచారని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. "కాకా, జర స్టూల్ పకడో" అన్నాడతను. పట్టుకున్నాను. గోడకు కన్నం పడుతుంటే, నెత్తి మీద సున్నం రాలుతుంటే, ఎంతో శ్రద్ధగా స్టూలు పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దమనిషి మీద ఇప్పుడు నాకు జాలీ, నవ్వూ కలిసే వస్తాయి. ఏసీ చలికి మే నెలలో దుప్పటి మెడదాకా లాక్కుంటున్నప్పుడల్లా.