ఖాళీ గదుల్లో దెబ్బ

మా మాస్టారు పోయారని జురాంగ్ వెస్ట్ నుంచి ఆయన భార్య, మా ఆంటీ, ఫోను చేసినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన రాసిన ప్రోగ్రాం మీద మా మేనేజరు తన పేరు వేసుకుని ఏడాది కూడా కాలేదు. ఆ పేరు చెరిగిపోవడం చూడకుండానే ఆయన వెళ్ళిపోయారు.

ఆయన బడిలో మాస్టారు కాదు. సైన్స్ పార్కు ఆఫీసులో నా పక్క సీటు. వై టూ కే హడావుడిలో ఈ దేశంలో దిగిన నాకు పని వచ్చిందంటే ఆయన చలవే. మధ్యాహ్నం హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మాదని ఆపి ఉంచి, తిన్నాక ఆ టిష్యూల మీదే పాఠం చెప్పేవారు.

"మెషీనుకి తెలిసింది సున్నా, ఒకటి. అంతేనమ్మా. వాటిని నాలుగేసి కలిపి ఒక్క గుర్తుగా రాస్తాం. తొమ్మిది దాటితే అంకెలు చాలవు కదా, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడతాం."

సున్నా పాయింట్ వన్ దగ్గర మాత్రం మొహం చిట్లించేవారు. "మెషీను దీన్ని సరిగ్గా పట్టుకోలేదు, దాదాపుగా దాచుకుంటుంది. దాదాపు అనేవాణ్ణి నమ్మకు."

తప్పు దొరికిందంటే బల్ల చరిచి "అదే దెబ్బ!" అనేవారు. ఆఫీసులో అందరికీ వినిపించేది.

ప్రోగ్రాం మీంచి పేరు పోయినప్పుడు ఎందుకు ఊరుకున్నారని పోట్లాడాను. నవ్వి, "మెమరీలో ఖాళీ గదులు చూడమ్మా" అన్నారు. చూడలేదు. ఆయన పోయిన మర్నాడు చూశాను.

చోవా చూ కాంగ్‌లో సంతాప సభ. మేనేజరు మైకు పట్టుకున్నాడు. "ఆ ప్రోగ్రాం దాదాపు నేనే రాశానండీ. పాపం, ఆయనా హెల్ప్ చేశారు."

ఆంటీ తల వంచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అక్కడికి వెళ్ళిందే కక్ష తీర్చుకోవడానికి. ఆ ప్రోగ్రాం నడుస్తున్నప్పటి మెమరీని అచ్చు తీసిన కాగితం మేనేజరు చేతిలో పెట్టాను. వాడని గదుల్లో ఏ గుర్తు నింపాలో ప్రోగ్రాం రాసినవాళ్ళే పెడతారు. ఖాళీ గదులన్నిటిలోనూ అవే ఎనిమిది అక్షరాలు.

"మీరు రాసిందే కదా సార్. ఇదేంటో చెప్పండి."

"ఏదో నంబరమ్మా. గార్బేజ్."

"గట్టిగా చదవండి."

"ఏ, డి, ఈ, డి, ఈ, బి, బి, ఏ."

"కలిపి, తెలుగులో."

"అదే... దె..." చదవడం ఆపి కాగితం మడవబోయాడు.

తెలుగులో అడిగితే ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, మాస్టారి కూతురు, ముందు వరసలోంచి లేచింది. "అదే దెబ్బ! దట్స్ డాడీ, లా!"

ఆంటీ తలెత్తారు. ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ బల్లని, అచ్చం ఆయనలాగే, అరచేత్తో ఒక్క చరుపు చరిచారు.