తట్టి చూసిన టైర్లు

నా కోడలికి కారు నడపడం రాదని పదిమంది ముందు చెప్పింది నేను. అది అబద్ధం. కారు జారింది ఆమె చేతిలో లోపం వల్ల కాదు, అరిగిన టైర్ల వల్ల. ఆ టైర్లు బాగున్నాయని, మార్చాల్సిన పనే లేదని తేల్చి చెప్పింది కూడా నేనే.

ఇంతే. మూడు ముక్కల్లో అయిపోయింది. ఇంత చిన్న మాటను ఇన్నేళ్లు ఎందుకు మోశాను? గనిలో దుంగలు మోసిన భుజాలు నావి. అవి నొప్పి పుడితే నూనె రాసుకున్నాను. దీనికి ఏం రాసుకోవాలో తెలియలేదు. నా పేరు మాత్రం అడగకండి. గోదావరిఖనిలో నన్నెరగని వాళ్లు తక్కువ. అసలు నా జబ్బే అది.

బడిలో నేను చదివింది చాలా తక్కువ. మిగతాదంతా డ్యూటీ దిగాక దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నదే. మిర్చిబజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క కూడా నూనె తుడిచి చదివేవాణ్ని. గనిలో సర్దారుగా చేశాను. సర్దారంటే, మనుషులు పనిలోకి దిగకముందే వెళ్లి పైకప్పు నిలుస్తుందో లేదో చూసి చెప్పేవాడు. కర్రతో కప్పును తట్టి వినాలి. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల విడిపోయిందైతే డొల్లగా పలుకుతుంది. నా చెవి ఏనాడూ తప్పలేదు. నేను పొమ్మన్న చోటికి పోయిన ప్రతి మనిషీ ఇంటికి తిరిగి వచ్చాడు. గొప్పకు చెప్పడం లేదు. లేదు, గొప్పకే చెబుతున్నాను. ఒప్పుకోలు రాయడానికి కూర్చున్నవాడు ఇక్కడ కూడా అబద్ధమాడితే ఎట్లా?

రిటైరయ్యాక కూడా జనం నా చెవిని వదల్లేదు. నీళ్ల ట్యాంకులు తట్టించారు, కొత్త గోడలు తట్టించారు, ఎండాకాలం పుచ్చకాయలు తెచ్చి తట్టించారు. తరువాత మా క్వార్టర్ల లైనులోకి కార్లు వచ్చాయి. "కాకా, జర టైర్లు చూడు" అనేవాళ్లు. నేను కర్ర తీసుకుని తట్టేవాణ్ని. గాలి నిండా ఉన్న టైరు ఏదైనా గట్టిగానే పలుకుతుంది, అది నున్నగా గుండైపోయినా సరే. చప్పుడు చెప్పేది గాలి సంగతి, రబ్బరు సంగతి కాదు. ఇంత తేలిక ముక్క నా బుర్రకు ఎక్కలేదు. ఎక్కితే నన్ను పిలిచేదెవరు?

మా కొడుకు మంచిర్యాలలో పాత తెల్లకారొకటి కొన్నాడు. కొన్నాడే గాని షిఫ్టుల మధ్య వాడికి నడిపే తీరికేది? కోడలు రజిత నేర్చుకుంది. మా లైనులో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆమె. ఎంత బాగా నడిపేదని! గేరు మారిస్తే నా చేతిలోని చాయ్ ఒలికేది కాదు. పక్క సీటులో కూర్చుని అద్దం దించి, తెలిసినవాళ్లు కనిపిస్తే వాళ్లు నావైపు చూసేదాకా దగ్గుతూనే ఉండేవాణ్ని. అంత సంబరం నాకు. అది గుర్తు చేసుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. పువ్వు కోసం ఊళ్ల వైపు వెళ్లాలని బయలుదేరుతూ ఆమె చక్రం దగ్గర వంగి చూసింది.

"మామా, టైర్ల గాట్లన్ని అరిగినయి. వేలు వెడితే నున్నగ తాకుతున్నది. వానలున్నయి, మార్పిద్దాం."

"టైరు సంగతి వేలుతోని తెల్వది బిడ్డా, చెవితోని తెలుస్తది. ఇను." తట్టాను. "ఎట్లున్నది?"

"సప్పుడు మంచిగనే ఉన్నది మామా. సప్పుడు రోడ్డును పట్టుకుంటదా?"

"ఎందరి పానాలు నిలవెట్టిన చెవి ఇది! నాకు నేర్పుతవా? జల్ది పోయి రాపో."

ఆమె నవ్వింది. కొంగు దోపుకుని బండెక్కింది. పక్క క్వార్టరు మల్లక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెనక ఎక్కారు.

వెళ్లేటప్పుడు ఎండ. వచ్చేటప్పుడు వాన. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద వాన పడితే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, రోడ్డంతా నల్లటి జారుడు బురద. మలుపులో ఆమె మెల్లగానే బ్రేకు తొక్కిందట. కారు ఆగలేదు. ఏ తొందరా లేకుండా, పెళ్లికి పోతున్నట్టు జారుకుంటూ వెళ్లి వరిమడిలో కూర్చుంది. ఎవరికీ గీత కూడా పడలేదు. కబురందుకుని నేను ట్రాక్టరు మీద చేరేసరికి నలుగురూ గట్టు మీద కూర్చుని, వాన వెలిసిన ఎండలో, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఒళ్లంతా తంగేడు పువ్వే.

"ఓ కాకా! మీ కోడలు మమ్ముల నాటేసింది. ఇగ మీరొచ్చి కలుపు దియ్యున్రి!" అని మల్లక్క అరిచింది.

నేనూ నవ్వాను. ట్రాక్టరు కారును పైకి లాగింది. చక్రాలకున్న బురదను కాలువ నీళ్లతో కడిగారు. అప్పుడు చూశాను. టైర్లు నా నెత్తిలా నున్నగా ఉన్నాయి. ఒకదానికైతే లోపలి దారాలు బయటపడ్డాయి. చెవి అక్కర్లేదు, కళ్లుంటే చాలు. నేను చూడటం రజిత చూసింది.

ఇంటికి వచ్చేసరికి లైనంతా గుమిగూడి ఉంది. "టైర్లు నువ్వే చూసినవట గద కాకా?" అని ఎవరో అడిగారు. అడిగినవాడి గొంతులో ఎగతాళి ఉందా? ఉందనిపించింది. ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్న పేరు నా కాళ్ల కింద డొల్లగా పలికినట్టయింది. అప్పుడన్నాను ఆ మాట.

"టైర్లకేమైంది, మంచిగున్నయి. గాజుల చేతులకు స్టీరింగెందుకు?"

అందరూ నవ్వారు. రజిత నవ్వలేదు. నావైపు ఒక్కసారి చూసి, లోపలికి వెళ్లి తాళంచెవి మేకుకు తగిలించింది. మళ్లీ దాన్ని ముట్టలేదు. ఆ సాయంత్రం నలిగిన పువ్వులతోనే బతుకమ్మను పేర్చి, అందరితో కలిసి చప్పట్లు కొడుతూ ఆడింది. అరిచి ఉంటే బాగుండేది. ఆమె ఆడింది.

నేనేం చేశాను? ఆ వారంలోనే నాలుగు టైర్లూ మార్పించాను. ఎందుకని కొడుకు అడిగితే, పాతవి అచ్చిరాలేదన్నాను. దొంగ తెలివి! తరువాత కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మాటా మాటా చదివాను. గాట్ల అడుగున అక్కడక్కడా చిన్న దిబ్బలుంటాయని, పైరబ్బరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టేనని అప్పుడు తెలిసింది. గాట్లు లోతుగా ఉన్నా ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పక్కలు బీటలిస్తుందనీ తెలిసింది. అప్పటినుంచి ఎవరి బండి ఆగినా వంగి చూస్తాను. తిడతాను కూడా. సీట్లకు కొత్త తొడుగులు, అద్దానికి జిలుగు పూసలు, వెనక పిల్లల పేర్లు! ఆ పిల్లలను మోసే టైర్లకు మాత్రం గుండు! ఒళ్లు మండదా? నా తిట్లకు జడిసి టైర్లు మార్పించినవాళ్లు పెద్దపల్లి దాకా ఉన్నారు. "కాకకు తెల్వంది లేదు" అంటారు. ఎట్లా తెలిసిందో ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. రజిత మంచిర్యాల బడికి పాఠాలు చెప్పడానికి బస్సులో నిలబడే వెళ్లివస్తోంది. టైర్లు పాతబడకుండా నేను మార్పిస్తూ వస్తున్న కారు మాత్రం మా వాకిట్లో కడిగి పెట్టిన పెళ్లికొడుకులా ఉంటుంది.

నిన్న సాయంత్రం మనుమరాలు నవ్య కారు నేర్చుకునే లైసెన్సు తెచ్చి గెంతుతూ చూపించింది. మా కొడుకు, "మీ అమ్మ లెక్క పొలంల నాటేయకు బిడ్డా" అన్నాడు. అందరం నవ్వాం. ఈసారి రజిత కూడా నవ్వింది. నవ్య ముఖం మాత్రం చిన్నదయింది. కార్డును మెల్లగా సంచిలో పెట్టేసుకుంది. నా అబద్ధం ఇంకో తరానికి ఎక్కుతోంది, నేను పక్కన కూర్చుని పళ్లికిలిస్తున్నాను. నేనేం మనిషిని?

ఇవాళ ఆదివారం. పొద్దున రజిత గిన్నెకు సర్వపిండి అద్దుతుంటే వంటింటి గడపలో నిలబడి చెప్పేశాను. టైర్లు గుండైపోయాయని ఆ రోజే చూశానని, చూసీ ఆ మాట అన్నానని, నా పేరు కోసం నీ చెయ్యి విరిచానని. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆమె వేళ్లు పిండిలోనే ఆగిపోయాయి. తరువాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా, పిండి చేత్తోనే ముక్కు తుడుచుకుని మరీ నవ్వింది. తెల్లముక్కుతో ఆమెను చూసి నాకూ నవ్వాగలేదు.

"పోనీలే మామా" అంటుందని ఎదురుచూశాను. అనలేదు. అనకపోయినా, షిఫ్టు ముగించుకుని గని నోట్లోంచి బయటికొచ్చి మొదటి గాలి పీల్చినట్టుంది. చెప్పుకుంటేనే ఇంత హాయిగా ఉంటుందా? ఇన్నేళ్లు ఎంత పిచ్చివాణ్ని! మధ్యాహ్నం భోజనమయ్యాక మీకిది రాస్తున్నాను, సాయంత్రానికి నోరు తిరగాలి కదా అని. ఎందుకు తిరగాలో, నవ్వు ఆగాక గిన్నె పొయ్యి మీద పెడుతూ ఆమె ఇచ్చిన జవాబు వింటే మీకే తెలుస్తుంది:

"నాకెందుకు చెప్తున్నరు మామా, ఇందుల నాకు తెల్వందేమున్నది? ఆ రోజు మీ మాట లైనంత ఇన్నది, ఇయ్యాల గూడ లైనంత ఇనాలె. పొద్దుగూకంగనే మల్లక్కను, మీ కొడుకును, అందర్ని పిలుస్త. నవ్యను ముందల్నే కూసోవెడ్త. చాయ్ నేను వెడ్త, మాట మీరు చెప్పున్రి."