అత్త చేతిలో పట్టుపోగు

మా మేనత్త పోయింది. పోయిన నెలలో, ఒక మంగళవారం పొద్దున, ధర్మవరంలో తన ఇంట్లోనే పోయింది. ఆమె పక్కింటామె ఫోన్ చేసి, "అన్నా, మీ అత్త పలకడం లేదు, బిరీన రా" అన్నప్పుడు నేను మగ్గం మీద ఉన్నాను. చేతిలో తెగిన పోగు ఉంది. దాన్ని ముడి వేసి లేచాను. ఆ ఘడియలో ముడి ఎందుకు వేశానో నాకే అర్థం కాలేదు. తెగిన పోగును అలాగే వదిలి లేవకూడదని నాకు నేర్పింది ఆమేనని దారిలో గుర్తొచ్చింది.

ఆమె రాట్నం తిప్పే మనిషి. పట్టు చుట్టి, కండెలు చేసి మగ్గాలవాళ్లకు ఇచ్చేది. వైద్యం ఆమె పని కాదు. ఎవరైనా డాక్టరమ్మా అని పిలిస్తే కసురుకునేది. అయినా మా వీధుల్లో గజ్జల్లో తామర లేచినవాళ్లు, గోరు పుచ్చి మందమైనవాళ్లు ముందు వచ్చేది ఆమె గడప దగ్గరికే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా కదలకుండా కూర్చునేవాళ్లం మేము. చెమటకు తడిసిన బట్ట ఒంటి మీదే ఆరాలి. తామరకు మాకంటే దగ్గరి చుట్టాలు ఎక్కడ దొరుకుతారు!

ఏ మగవాడు వచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే. ఒకసారి రాప్తాడు నుంచి ఒక లారీ డ్రైవర్ వచ్చి, నడుము చుట్టూ చక్రాలు చక్రాలుగా లేచిన తామర చూపించాడు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబులు నాలుగు అప్పటికే ఖాళీ చేశాడట.

"మొలతాడు ఎప్పుడు మార్చినావప్పా?" అంది అత్త.

"ఉగాదికి మార్చినాక్కా."

"ఏ ఉగాదికి?"

ఆయన ఆలోచిస్తూ పైకప్పు వైపు చూశాడు. పక్కనే కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అత్త మాత్రం నవ్వలేదు. "ఆ తాడు తీసి పొయ్యిలో ఎయ్యి. ఇంట్లో అందురికీ ఒకటే టవలు కదా? ఇంగ నీది నీకే ఉండల్ల. బట్టలు ఉడకబెట్టి ఎండకెయ్యి. మనకాడ వానకు కరువు గానీ ఎండకు కాదు కదా. ఇదంతా చేసి రా, అప్పుడు మందిస్తా" అంది. ట్యూబుల మాట ఎత్తితే, "అది పూస్తే రెండు దినాలు ఊరుకుంటాది, మూడో దినం రెండింతలు కొరుకుతాది" అంది. ఆయన తాడు కాల్చి వచ్చాడో లేదో గానీ, మళ్లీ వచ్చినప్పుడు నడుముకు కొత్త తాడు ఉంది.

మందులో రహస్యమేమీ లేదు, ఎవరు అడిగినా చెప్పేది. వానలకు బీడుల్లో తగిరిస మొలుస్తుంది. దాని గింజల్ని పుల్ల మజ్జిగలో నానబెట్టి, రాతి మీద మెత్తగా నూరి, తామర మీద మందంగా పట్టించేది. వానలు మొహం చాటేసిన ఏళ్లలో తగిరిస మొలవదు కాబట్టి మంచి కాలంలోనే గింజలు ఏరి డబ్బాల్లో పోసి పెట్టుకునేది. పెరట్లో ఒక సీమ అవిసె చెట్టు పెంచింది. దాని ఆకు దంచి కానుగ నూనెలో కాచేది. ఆ చెట్టుకు నీళ్లు కావాలి. కుళాయి వారానికోసారి వచ్చిన ఎండాకాలంలో దాని మొదట్లోనే బండ వేయించుకుని, చుట్టూ చీరలు అడ్డం కట్టుకుని అక్కడే స్నానం చేసింది. "నాకు పోసుకుంటే దానికీ పోసినట్లే" అనేది.

మాకు ఒక చిక్కు ఉంది. నూనె చేత్తో పట్టు ముట్టుకుంటే మరక పడుతుంది, ఆ మరక చీరను వదలదు. అందుకే మగ్గం దిగాకే మందు పూసుకోవాలి, తెల్లారి కుంకుడురసంతో చేతులు కడిగాకే మళ్లీ మగ్గం ఎక్కాలి. ఈ నియమం తప్పినవాడికి రెండోసారి మందు ఇచ్చేది కాదు. దురద పోగానే మందు మానేసినవాళ్ల మీద ఇంకా కోపం. "కనపడకపోతే పోయినట్లు కాదు. అది దాంకుంటాది. చర్మం నున్నగయినాక ఇంగా పదైదు దినాలు పూయల్ల" అని ప్రతి ఒక్కరికీ చెప్పేది. నాకైతే ఆ మాట నిద్రలో లేపి అడిగినా వచ్చు.

గోళ్ల సంగతి వేరే. పట్టుకు రంగులద్దేవాళ్ల చేతులు రోజంతా నీళ్లలోనే నానుతాయి. గోరు పసుపుపచ్చగా మారి, మందమై, పొట్టు పొట్టుగా రాలుతుంది. పైన రంగు ఉంటుంది కాబట్టి చాలాకాలం కనిపించదు. వేపాకు కాచిన గోరువెచ్చని నీళ్లలో వేళ్లు నానబెట్టించి, గోరును గరుకురాయితో పలచగా రుద్ది, పూర్తిగా తుడిచి ఆరాక, కానుగ నూనెలో పసుపు కలిపి గోరు మొదట్లో చుక్క వేసేది. "ఎన్ని దినాలక్కా?" అని అడిగితే, "కొత్త గోరు కొసదాకా వచ్చేదాకా. యాడికి పోతావు, గోరు నీ చేతికే ఉండాది కదా" అనేది. కొందరికి నయమైంది, కొందరికి కాలేదు. నయంకానివాళ్లను ఆసుపత్రికి పొమ్మని తనే చెప్పేది. తలలో తామర వచ్చిన పిల్లలకు తన ఆకు పనికిరాదని, మాత్రలే మింగాలని తల్లులకు చెప్పి పంపేది. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లను ముట్టుకునేదే కాదు.

ఇంకొక నియమం ఉంది, అది ఇంకెక్కడా నేను చూడలేదు. రంగు పని చేసేవాళ్లు మూడు రోజులు పని మాని, చేతులకు రంగంతా పోయాకే రావాలి. మచ్చతో వచ్చిన ఎవరినైనా కళ్లు మూసుకోమనేది. రాట్నం మీది పట్టు నుంచి ఒంటిపోగు తెంపి, మచ్చ మీద మెల్లగా లాగి, "పోగు తెలుస్తాందా?" అని అడిగేది. తెలుస్తోందంటే మందు. తెలియడం లేదంటే మందు లేదు, ఆసుపత్రి. ఎందుకని అడిగితే, "తామరకు దురదుంటాది, తెలివుంటాది" అని ఊరుకునేది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రూపాయి బిళ్లంత మచ్చ లేచింది. తెల్లబారింది గానీ దురద లేదు. సొంత మగ్గం పెట్టుకుని ఏడాదైంది. పడుగులో పోగు తెగి చేతి మీద పడితే నేతగాడికి చూడకుండానే తెలియాలి. నాకు తెలియడం మానేసింది. అది తామరే అయి ఉండాలని నాకు గట్టి కోరిక. అందుకే ఆమె దగ్గరికి వెళ్లి తామర మందు అడిగాను.

"కండ్లు మూసుకో" అంది. మూసుకున్నాను.

"పోగు తెలుస్తాందా?"

"తెలుస్తాంది."

"ఇప్పుడు?"

"తెలుస్తాంది అత్తా."

"ఇప్పుడు?"

"ఆ."

కళ్లు తెరిచాను. ఆమె రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి, పోగు చీర కుచ్చెళ్ల మీద ఉంది.

"మొదుటిసారి తప్ప నేను పోగు పెట్టనే లేదు" అంది.

చెంప మీద ఒకటి కొట్టింది. తర్వాత అదే చేత్తో నా తల పట్టుకుని భుజానికి ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు. ఆ రోజే రాట్నం ఆపి, నన్ను బస్సెక్కించుకుని అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

తన మొగుడు, మా మామ సంగతి ఆ బస్సులోనే చెప్పింది. మామ పట్టుకు రంగులద్దే మనిషి, మోచేతుల దాకా ఎప్పుడూ నీలమో ఎరుపో ఉండేది. ఆయన పుచ్చిన గోళ్లను బాగుచేయడానికే ఆమె ఈ ఆకులూ నూనెలూ మొదలుపెట్టిందట. గోళ్లు బాగయ్యాయి కూడా. ఆ సంబరంలో, ముంజేతి మీద ఉన్న మచ్చకు కూడా అదే మందు ఏడాదిన్నర పూసింది. రంగు కింద ఆ మచ్చ తెల్లబారిందని చూసుకోలేదు. వేళ్లు వంకర పోయాక గానీ అది కుష్టని తెలియలేదు. ఆసుపత్రి మాత్రలతో జబ్బు పోయింది. వేళ్లు తిరిగి రాలేదు. పోయేదాకా ఆయనకు ఆమే అన్నం కలిపి తినిపించింది.

"ఆకు తప్పు చేయలేదురా. నేను జేసినా" అంది. కిటికీ వైపు తిరిగి, బస్సు దిగేదాకా నా మొహం చూడలేదు.

డాక్టర్ కూడా నా చేతిని కళ్లు మూయించే చూశాడు. కుష్టే. తొందరగా వచ్చారు, మాత్రలు మానకుండా మింగితే పూర్తిగా పోతుంది, చెయ్యి చెడదు అన్నాడు. ఆ మాట విని అత్త, మాత్రలు ఎప్పుడెప్పుడు మింగాలో రెండుసార్లు చెప్పించుకుంది. చెప్పినన్ని నెలలూ ప్రతి పొద్దునా మా ఇంటికి వచ్చి, నేను మాత్ర మింగి నోరు తెరిచి చూపిస్తేనే వెళ్లింది. ఒకసారి అబద్ధమాడినవాణ్ని నమ్మేది లేదు అనేది. ఎందుకొస్తోందో వీధిలో ఎవరికీ చెప్పలేదు. నా పెళ్లి చూపులకు ముందు మాత్రం నా చేతే ఆ పిల్లకు చెప్పించింది. ఆ పిల్ల ఇప్పుడు నా భార్య. ఇది రాయమని చెప్పింది కూడా తనే.

ముప్పై ఏళ్లుగా ఈ చేత్తోనే నేస్తున్నాను. ఈ చెయ్యి ఆమె పెట్టిన భిక్ష. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. అంటే తిట్టేదని ఊరుకున్నాను. తిట్టించుకుని ఉండాల్సింది.

ఈ ఏడాది ఎండాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. రోజూ మధ్యాహ్నం మగ్గం ఆపి వెళ్లి చేతికి నూనె రాసి, వేళ్లు మడిచి తెరిచేవాణ్ని. డాక్టర్ చెప్పిన వ్యాయామమే అది. అది అయ్యాక కళ్లు మూసుకోమని, అరచేతి మీద పట్టుపోగు లాగి, ఆమె అడిగినట్టే అడిగేవాణ్ని. "లేదురా" అనేది. రోజూ అదే జవాబు. నిజం తప్ప ఇంకేం చెబుతుంది అనుకునేవాణ్ని. నా మగ్గం మీద ఒక పెళ్లిచీర సగంలో ఆగి ఉందని, గడువు దాటుతోందని ఆమెకు ఎవరో చెప్పారట. నేను చెప్పలేదు.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఎప్పటిలాగే నూనె రాశాను. చేతులు కడుక్కుని వచ్చి, రాట్నం మీద మిగిలిపోయిన పట్టు నుంచి ఒంటిపోగు తెంపాను. ఆమె నేను చెప్పకుండానే కళ్లు మూసుకుంది.

"పోగు తెలుస్తాందా అత్తా?"

"తెలుస్తాందిరా" అంది. "ఇప్పుడు బాగా తెలుస్తాంది. ఇంగ దినామూ రావద్దు. పోయి మగ్గం జూసుకో."

నేను ఇంకా పోగు పెట్టలేదు. అది నా వేళ్ల మధ్య, ఆమె అరచేతికి జానెడు పైన, ఫ్యాను గాలికి ఊగుతూ ఉంది. "సరే అత్తా" అన్నాను. ఆమె కళ్లు తెరవలేదు. పోగును అలాగే పట్టుకుని కూర్చున్నాను.