గుమ్మం కొలవని బావ

దర్జీ అమ్మాయి బావకి, అంటే వాళ్ళక్క మొగుడికి, ఒకే ఒక్క జబ్బు. గుమ్మం కొలవడు. గాలికి చెట్టు ఎక్కడ పడినా మిషను రంపం భుజాన వేసుకుని పోతాడు. దుంగని నిలువునా కోసి బెత్తెడు మందం పలకలు తీస్తాడు. అంచున బెరడు ఉన్నదున్నట్టే ఉంచి బల్లలూ బెంచీలూ చేస్తాడు. చూసినవాళ్ళు కళ్ళప్పగించేస్తారు. తీరా తెచ్చాక అవి ఇంట్లోకి పట్టవు.

హెడ్మాస్టరుగారికి చేసిన బల్ల బడి వరండా దాటలేదు. పాపం, ఆయన ఎండయినా వానయినా అక్కడే కూర్చుని సంతకాలు పెడుతున్నారు. డాక్టరుగారి బెంచీ గేటులో అడ్డంగా ఇరుక్కుపోయింది. రోగులు దాన్ని ఎక్కి దిగి లోపలికి పోతున్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మాత్రం వేరే డాక్టరుని చూసుకున్నారు. ఇక సొంత మంచం పెరట్లోనే స్థిరపడింది.

"కాస్త కొలుచుకోవచ్చు కదండీ" అని అక్క మొత్తుకుంటే, "చెట్టేమన్నా గుమ్మం చూసుకుని పెరిగిందా" అంటాడు.

ఇలాంటి బావనే సొంత తండ్రిలా చూసుకునే దర్జీ అమ్మాయికి ఓ రోజు గుండెల్లో రాయి పడింది. ఆమె కుట్టుమిషను పెట్టుకున్న కింద అద్దె గదికి, మేడమీద కాపురముండే ఇంటాయన దిగొచ్చి, "నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమ్మా. మా అల్లుడు ఫోన్ల కొట్టు పెడతాడట" అన్నాడు. ఆ వీధిలో అందరి కొలతలూ ఆమెకి కంఠస్థం. ఇంకో వీధికి పోతే తన ముఖం చూసేదెవరు? దిగులుతో తిండి సయించలేదు. ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టి పెట్టింది.

రేపు నెలాఖరనగా బావ బండి మీద రెండు భారీ పలకలతో దిగాడు.

"ఏంటి బావా ఇది?"

"బట్ట కత్తిరించుకునే బల్ల. వంగి వంగి నీ నడుం పోతోందట, మీ అక్క చెప్పింది."

"రేపు ఖాళీ చేసి పోయేదాన్ని. నాకిప్పుడు బల్లెందుకు?"

"ఆ మూల పట్టుకో."

ఆమె మాట చెవికెక్కించుకుంటే ఆయన బావ ఎందుకవుతాడు? పలకల్ని నిలబెట్టి ఒక్కొక్కటిగా లోపలికి జరిపాడు. జిగురు పూసి, కింద అడ్డచెక్కలు వేసి, చెక్క సీలలు దిగ్గొట్టి రెండింటినీ ఒకటి చేశాడు. కాళ్ళు బిగించి బల్లని నిలబెట్టేసరికి గదంతా అదే అయింది.

"ఇది బయటికెలా వస్తుంది బావా?" ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. ఇంటాయన రేపు ఎన్ని మాటలంటాడో!

"రాదు" అని రంపపు పొట్టు దులుపుకుని వెళ్ళిపోయాడు బావ.

మర్నాడు ఇంటాయన కూలీలతో వచ్చాడు. బల్లని నిలువుగా తిప్పారు, వాలుగా తిప్పారు. అది గుమ్మం దాటలేదు. బావని పిలిపించారు.

"ఎలా వచ్చిందో అలాగే తీసుకుపోవయ్యా."

"వచ్చినప్పుడు రెండండీ, ఇప్పుడు ఒకటి. జిగురు పట్టేసింది."

"అయితే కోసెయ్యి."

"ఎంతసేపు? ఇక్కడే కోసేస్తాను. పొగా పొట్టూ మీ మేడమీదకే వస్తాయి. పోనీ గోడ పగలగొడతారా?"

ఆ మాట మేడమీద ఇంటావిడ చెవిన పడింది. "గోడ మీద చెయ్యేశారంటే నా వంటిల్లు మీ నెత్తిన పడుతుంది. అల్లుడికి పక్క గదిలో పాత సామాను తీసేసి ఆ గది ఇవ్వచ్చుగా" అని అక్కణ్ణుంచే వాయించింది. ఇంటాయన బల్లవైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. "ఉండిపోవమ్మా" అని కూలీల్ని పక్క గదిలోకి తీసుకుపోయాడు.

దర్జీ అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. బల్ల చుట్టూ తిరిగి చూసింది. ఒక పక్క తన మిషను, దాని ముందు తను కూర్చునే చోటు, ఎదర వచ్చినవాళ్ళు నిలబడే చోటు, అన్నీ సరిగ్గా కుదిరాయి.

"బావా, నేను దర్జీని. నా దగ్గర దాచకు. నువ్వు గదీ గుమ్మం రెండూ కొలిచావు కదూ."

బావ వీధిలోకి అటూ ఇటూ చూశాడు.

"మెల్లగా. నాకు కొలవడం వచ్చని తెలిస్తే మీ అక్క నన్ను బతకనివ్వదు."