జింక మొహం చూడ్డానికి: తుమ్మలబైలు అడవిలో కోటమ్మత్తతో ఒక రోజు

మా కోటమ్మత్త జింకల్ని కొన్ని వందలసార్లు చూసింది. అన్నిసార్లూ వెనకనుంచే. పొదిలి దగ్గర మెట్ట పొలాల్లో కందీ పెసరా వేసే ఇంటికి కోడలిగా వెళ్లింది మొదలు, ఆవిడకి జింక అంటే ఒక తోక, నాలుగు కాళ్లు, లేచిన దుమ్ము. అంతే. మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు ఈవిడ. ఈ జనవరిలో చూపు మసకగా ఉందంటూ గుంటూరు వచ్చి మా ఇంట్లో దిగింది. గుమ్మాలకి భుజాలు కొట్టుకుంటూ, పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు చేత్తో పడేస్తూ తిరుగుతుంటే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నీటి కాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదట, చుక్కలు వేసుకుంటూ ఉన్నది కాపాడుకోవడమేనట. ముందు పక్కచూపు పోతుంది, ఎదురుగా ఉన్నది మాత్రం ఇంకొన్నాళ్లు కనిపిస్తుంది అని చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త చుక్కల మందు సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటి మలుపు దగ్గర నా మోచెయ్యి పట్టుకుని, "ఒరే సీనా, నన్నో చోటికి తీసకపోతావా" అంది. నేను తిరుపతో శ్రీశైలమో అనుకున్నాను. "జింక నిలబడి ఉండగా ఒక్కసారి దాని మొహం చూడాలిరా. ముసల్దానికి పిచ్చిపట్టిందనుకోబాక" అంది.

జూకి తీసుకెళ్తానన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "బోనులో కట్టేసిన దాన్ని చూసేదేందిరా. అది పోను దారిలేక నిలబడిద్ది. నాకు దానంతటది నిలబడాల."

అసలు ఈ పీకులాటకి విత్తనం వేసింది నేనే. చిన్నప్పుడు దసరా సెలవులన్నీ మా అత్త పొలంలో మంచె మీదే గడిచేవి. నాలుగు తుమ్మ గుంజలు పాతి, పైన తాటాకులు కప్పిన ఆ మంచె ఎక్కితే చుట్టూ కంది చేలు కనిపించేవి. తెల్లారగట్ల ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి జింకల మందలు వచ్చిపడేవి. అత్త చేతిలో సొట్టలు పడ్డ ఖాళీ నూనె డబ్బా ఒకటి, కొట్టడానికి కర్ర ఒకటి. నా పని అరవడం. "హ్హోయ్... హోహోహోయ్" అని అత్త మొదలుపెడితే నేను అందుకునేవాణ్ణి. మందంతా ఒక్క ఊపున తిరిగి ఎగురుకుంటూ పోయేది. బళ్లో డ్రాయింగు మాస్టారు జింక బొమ్మ వేసుకు రమ్మంటే, "జింక మొహం ఎట్లా ఉంటుందత్తా" అని అడిగాను. "నాకేం తెలుసురా, నేను చూస్తే కదా" అని నవ్వింది. చివరికి మేక మొహం పెట్టి వేశాను. మాస్టారు ఎన్ని మార్కులు వేశారో గుర్తులేదుగానీ, అత్త ఆ బొమ్మ చూసి మంచె ఊగిపోయేట్టు నవ్వడం గుర్తుంది. ఆ నవ్వు కోసం ఇప్పటికీ ఎంత దూరమైనా వెళ్తాను.

అలా ఫిబ్రవరిలో ఒక ఆదివారం, అడవి చూపించి అటునుంచటే అత్తని పొదిలిలో దింపొద్దామని, తెల్లారగట్ల నాలుగున్నరకి గుంటూరులో బయల్దేరాం. నరసరావుపేటలో టీ, వినుకొండ దాటాక ఇడ్లీ. కారున్నవాళ్లకి త్రిపురాంతకం, యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరడానికి నాలుగు గంటలు సరిపోతుంది. బస్సులో వెళ్లేవాళ్లు శ్రీశైలం బస్సెక్కితే దారిలోనే తుమ్మలబైలు వస్తుంది, కండక్టరుకి ముందే చెప్పుకోవాలి. రోడ్డు వెంట మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఆ ఘాటుకి నేను తుమ్ముతుంటే అత్త అద్దం దించుకుని హాయిగా పీల్చింది. "ఈ కాయ బాగా ఎండలా, ఇంకో రెండ్రోజులుండాల" అని వాసన చూసే చెప్పేసింది. దోర్నాల దాటాక చేలు ఆగిపోయి అడవి మొదలైంది. ఒక్కసారిగా చల్లబడింది.

తొమ్మిదింటికల్లా టిక్కెట్లిచ్చే చోట ఉన్నాం. మేం వెళ్లినప్పుడు జీపు మొత్తానికి ఎనిమిది వందలు తీసుకున్నారు, ఇద్దరెక్కినా ఆరుగురెక్కినా అంతే. గంటన్నర తిప్పుతారు. వానాకాలంలో కొన్ని నెలలు మూసేస్తారు కాబట్టి కనుక్కుని బయల్దేరడం మంచిది. మా జీపు డ్రైవరు పేరు మస్తాను. నలభై ఏళ్లుంటాయి, మార్కాపురం పక్క పల్లె. ఎక్కేముందే మూడు మాటలు చెప్పాడు. "దిగకూడదు, ప్లాస్టిక్ పారెయ్యకూడదు, శబ్దం చెయ్యకూడదు. ఈ మూడూ పాటిస్తే మీ అదృష్టాన్ని బట్టి పులి కూడా కనపడుద్ది సార్."

"మాకు పులొద్దు నాయనా. జింక చాలు" అంది అత్త.

మస్తాను నావైపు తిరిగి నవ్వాడు. పొద్దున్నే వచ్చే వాళ్లంతా పులి పులి అని ప్రాణం తీస్తారట. జింక చాలన్న మనిషి ఈవిడేనట.

మొదటి అరగంట కొండముచ్చులు, నెమళ్లు, ఒక అడవికోడి. అత్తకి పక్కచూపు లేదు కాబట్టి నేను చెప్పేలోగా అవి దాటిపోతున్నాయి. "యాడ, యాడరా" అని తల తిప్పేసరికి ఉత్త ఆకులే. ఎదురుగా వచ్చి నిలబడితే తప్ప ఆవిడకి ఏదీ కనపడదని అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది. పరిగెత్తే జింక మా అత్తకి లేనట్టే. లోపల భయం పట్టుకుంది.

ఒక మలుపు తిరగ్గానే మస్తాను జీపు ఆపి, ఇంజను కట్టేసి, వేలు ముందుకి చూపించాడు. బాట మధ్యలో దుప్పుల మంద. పదిహేను పైనే ఉంటాయి. మచ్చల దుప్పులు. మా పొలంలోకొచ్చేవాటికి ఈ మచ్చలుండవుగానీ మా ఊళ్లో అన్నీ జింకలే. గడ్డి మేస్తూ తలలు వంచి ఉన్నాయి. ముందున్నది మెల్లగా తల ఎత్తబోతోంది.

సరిగ్గా అప్పుడు నా పక్కనుంచి వచ్చింది. "హ్హోయ్... హోహోహోయ్."

అడవి దద్దరిల్లింది. ఆవిడ చెయ్యి జీపు కమ్మీ మీద టంగుటంగుమని రెండు దెబ్బలు కూడా వేసింది. క్షణంలో బాట ఖాళీ. మిగిలింది దుమ్మే.

నాకు ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా అత్తా, ఎంత దూరం వచ్చాం, దేనికొచ్చాం" అని అరిచాను. ఆ మాట అన్నాక నాలుక కరుచుకున్నా లాభమేముంది. అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది, అవి వేరేవాళ్ల చేతులన్నట్టు. "నేనరవలేదురా. అదే వచ్చేసింది" అంది.  ముప్పై పంటలు కాపాడిన గొంతుని నేను తిట్టాను. కంది అమ్మిన సంవత్సరం నాకు మొదటి సైకిలు కొనిపెట్టింది ఆ గొంతే. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మస్తాను మాత్రం కోప్పడలేదు. జీపు దిగుతుంటే అత్త చెయ్యి పట్టుకుని, "ఏ చేను కాశారమ్మా?" అని అడిగాడు.

"కంది. పెసర."

"మాది శనగ. మా అమ్మ కూడా ఇట్టాగే. ఒకసారి తీసుకొస్తే ఇదే కూత పెట్టింది. దోర్నాల దాకా ఇనపడుంటది." జీపు తాళం జేబులో వేసుకుంటూ, "సాయంత్రం నాలుగున్నరకి ఆఖరి ట్రిప్పుంది. నీళ్ల తొట్టి కాడికి వస్తాయి. రండి. జీపు మూతి తొట్టికి ఎదురుగా పెడతా" అన్నాడు.

అత్త వద్దంది. డబ్బులు దండగంది, నాకు రాసిపెట్టి లేదంది, పొద్దుగూకేలోగా పొదిలి పోదామంది. నేను కారు దోర్నాల వైపు తిప్పాను. తిండి పెడితే మెత్తబడుతుందని నా ఆశ. బస్టాండు దగ్గర ఒకావిడ నడిపే చిన్న మెస్సులో భోజనం బాగుంది. గోంగూర పచ్చడి, పప్పుచారు, వంకాయ కూర, కారం మన గుంటూరు వాళ్లకి కూడా తగిలేంత. వడ్డించే ఆవిడ, "ఏందమ్మా ఒక్క ముద్దా దిగట్లా" అని అడిగితే, అత్త జరిగిందంతా చెప్పేసింది. నాతో చెప్పుకోనిది ఆవిడతో చెప్పుకుంది.

ఆవిడ గరిటె పట్టుకునే ఆలోచించింది. "నోరు ఖాళీగా ఉండబట్టిగదమ్మా కూత వచ్చింది. నోరు నింపుకుని పో" అని, గల్లాపెట్టె పక్క సీసాలోంచి వేరుశెనగ ఉండలు రెండు తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది. పెద్ద నిమ్మకాయంత ఉన్నాయి ఒక్కొక్కటి. అత్త వాటిని కొంగున ముడేసుకుంది. ముడేసుకోగానే మొహంలో కాస్త వెలుగొచ్చింది.

నాలుగున్నరకి మళ్లీ జీపెక్కాం. ఎండ పల్చబడి చెట్ల మధ్యనుంచి పక్కగా పడుతోంది. మస్తాను ఎక్కడా ఆపకుండా నేరుగా తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. ఎండాకాలం జంతువుల కోసం సిమెంటుతో కట్టి నీళ్లు నింపుతారు, అదే తొట్టి. చెప్పినట్టే జీపు మూతి దానికి ఎదురుగా పెట్టి ఇంజను కట్టేశాడు. అత్త మధ్యలో, ఆవిడ కుడిపక్కన నేను. ఆవిడ ఒక ఉండ తీసి మొత్తం నోట్లో పెట్టుకుంది. బుగ్గలు రెండూ పొంగాయి. నవ్వొచ్చింది, దిగమింగాను.

ఇరవై నిమిషాలు ఏమీ రాలేదు. ఉండ నమలకుండా అట్టే పట్టుకుని కూర్చుంది మనిషి. కళ్లు ఆర్పడం కూడా మానేసినట్టుంది. రాకపోతే ఏం చెప్పి సముదాయించాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

అప్పుడొచ్చింది ఒక్కటే. ఆడ దుప్పి. పొదల్లోంచి బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, నీళ్ల దాకా వచ్చి తాగింది. తాగి, అంచున మొలిచిన పచ్చిగడ్డి ఒక గుప్పెడు కొరికింది. కొరికి తలెత్తింది. సూటిగా మా జీపు వైపు, మా అత్త వైపు. నోట్లో గడ్డి అట్టే ఉంది, నమలడం ఆపేసింది. ఇటు మా అత్త నోట్లో ఉండ అట్టే ఉంది. నోళ్లు నిండిన ఆడవాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు.

నా గొంతులో ఏదో లేచింది. ఏడుపనుకున్నాను. కాదు, ఆ పాత కూతే. ఎప్పుడో చిన్నప్పుడు వదిలేశాననుకున్న కూత, మంచె మీద పిల్లాడి కూత, పెదాల దాకా వచ్చేసింది. పక్కన నేనున్నది మా అత్తకి కనపడదు. అయినా దుప్పి మీదనుంచి చూపు తిప్పకుండానే కుడిచెయ్యి చాచి, తడుముతూ నా గడ్డం, నా మూతి వెతికి పట్టుకుని గట్టిగా మూసింది. ఆ అరచెయ్యి బెల్లం వాసనేసింది. కర్ర పట్టి పట్టి గట్టిపడ్డ చెయ్యి. నా కళ్లనీళ్లు దాని మీద కారాయి.

దుప్పి నమలడం మొదలుపెట్టింది. ఇంకో గుప్పెడు గడ్డి కొరికింది. ఇంకోసారి మమ్మల్ని చూసింది. తర్వాత తొందరేం లేకుండా నడిచి వెళ్లిపోయింది. పరిగెత్తలేదు.

గేటు దగ్గర మస్తాను, "కనపడిందా అమ్మా?" అన్నాడు. నోరు నిండి ఉంది కాబట్టి అత్త తల ఊపింది. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

మార్కాపురం దాటి పొదిలి రోడ్డెక్కాక, నోట్లో మిగిలిన ఉండ ముక్క నమిలి మింగి, నీళ్లు తాగి, "ఒరే, ఇప్పుడడుగు" అంది. నాకు వెంటనే తట్టలేదు. "అప్పుడు అడిగావు గదా, బళ్లో బొమ్మకి" అంది.

"జింక మొహం ఎట్లా ఉంటుందత్తా?" అని అడిగాను.

"ఇన్నేళ్లూ దొంగ మొహం అనుకున్నానురా. ఏముంది. తినేదాని మొహం, అంతే." కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ అంది. "మన మొహాల్లాగే ఉందిరా, సీనా."

అడవికి వెళ్లేవాళ్లు చాలామంది ఎన్ని జంతువులు చూశామో చెప్పుకుంటారు. మా లెక్కకి ఒకటి. కానీ ఆ కూత నాలో ఇంకా ఉందని, దాని పక్కనే ఆ చెయ్యి కూడా ఉందని నాకు తెలిసింది ఆ ఒక్కదానివల్లే. అత్త చూపు నెలనెలా ఇంకాస్త ఇరుకవుతోంది. ఫోను చేసినప్పుడల్లా మాత్రం తొట్టి దగ్గర దుప్పి మొహం నాకు మళ్లీ చెబుతుంది. చెవులు ఎట్టా కదిలాయో, ముక్కు మీద నీటిబొట్టు ఎట్టా నిలిచిందో. ఆ బొట్టు నేను చూడనేలేదు. మీరు వెళ్తే పొద్దుటి ట్రిప్పు కన్నా సాయంత్రం ఆఖరిది ఎంచుకోండి, తొట్టికి ఎదురుగా ఆపమనండి. మీ ఇంట్లో చేను కాసిన వాళ్లెవరైనా వెంట వస్తుంటే దోర్నాలలో వేరుశెనగ ఉండలు కొనుక్కెళ్లండి. రెండు కొనండి, రెండోది మీకే అవసరమవుతుంది.