మే నెల సీసాలు

పొద్దున లేవగానే సూర్యారావు చేసే మొదటి పని, ఆ పూట వాడబోయే వలను మంచినీళ్ల పీపాలో ముంచడం. ఉప్పుకి బిరుసెక్కిన వల రెండు మునకలు వేస్తే మెత్తబడుతుంది. తండ్రి నూలు వలలకు అలాగే చేసేవాడు. నైలాను వలలు వచ్చినా సూర్యారావు మానలేదు. టీ ఆ తరువాతే.

అంతర్వేది రేవులో, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ముప్ఫై ఏళ్లుగా పడవ నడుపుతున్నాడు. రెండేళ్ల క్రితం అమలాపురం నుంచి శారోన్ అనే లెక్చరరు వచ్చి ఓ చిత్రమైన పని అప్పజెప్పింది. మల్లుగుడ్డకన్నా సన్నని బట్టతో కుట్టిన గరాటులాంటి వల, దాని కొసకి ఓ సీసా. నెలకోసారి రేవు నుంచి మొగ దాకా దాన్ని నీటిలో ఈడ్చి, సీసాలో చేరిన నలుసుల్లాంటి ప్రాణుల మీద పాడవకుండా మందు చుక్కలు వేసి పంపాలి. వేసవిలో ఉప్పునీటివి, వరదల్లో గోదావరి మోసుకొచ్చే మంచినీటివి. ఏ కాలంలో ఏవి ఎన్ని ఉన్నాయో ఆమె లెక్కపెడుతుంది. చేపపిల్లల మేత అవేనని తెలిశాక సూర్యారావుకి ఆ సీసాల మీద గురి కుదిరింది. రేవులో అందరూ పురుగుల సూర్యారావని పిలిచినా నవ్వి ఊరుకునేవాడు.

జూన్ మొదట్లో ఆమె ఫోన్ల తీరు మారింది. ఏ వైపు వెళ్లారు, ఎంతసేపు ఈడ్చారు, పడవలో ఇంకెవరున్నారు అని అడుగుతోంది. రెండేళ్లలో ఎన్నడూ అడగని ప్రశ్నలు. ఆ వారంలోనే టీకొట్టు దగ్గర ఇంకో మాట చెవిన పడింది. సూర్యారావు పడవ నిజంగా మొగ దాకా వెళుతోందా అని ఆమె పక్క పడవ సాయిబాబుని అడిగిందట.

సాయిబాబు ఈ పని తనకిమ్మని లోగడ రెండుసార్లు అడిగినవాడే. సీసాల్లో ఏదో తేడా కనబడి ఉంటుందనీ, అది సాయిబాబు కలిపిందే అయి ఉంటుందనీ అనుకున్నాడు సూర్యారావు. ఆ రోజునుంచి సీసాల మూతలు వాసన చూడడం, సాయిబాబు వాకిట్లోకి వస్తే కళ్లతోనే వెంబడించడం. చివరికి ఖాళీ సీసాలను కూడా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"నా గొలుసుకి లేని తాళం నీ పురుగులకొచ్చిందా?" అంది భార్య వీరాయమ్మ.

వరదనీటికి నది ఇంకా ఎర్రబడక ముందే, ఒక తెల్లవారుజామున శారోన్ చెప్పాపెట్టకుండా వాకిట్లో నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. పోయినేడూ ఈ ఏడూ మే నెల సీసాల్లో కనిపించిన ఒక పురుగు చెరువుల్లో మాత్రమే బతుకుతుందనీ, వేసవి ఉప్పుకి మొగలో నిలవదనీ తల దించుకునే చెప్పింది.

"అంటే నేను మొగకి వెళ్లకుండా చెరువులో ముంచి పంపేననాండీ?"

ఆమె కాదనలేదు. రెండేళ్ల సీసాలూ పారబోయాల్సి వస్తుందేమోనని మాత్రం అంది. పని సాయిబాబు చేతికి పోవడం ఒక ఎత్తు, అబద్ధాలకోరన్న పేరు ఇంకో ఎత్తు.

"పదండి, మీరే ఎక్కి చూద్దురుగాని," అంటూ సూర్యారావు ట్రంకుపెట్టెలోంచి ఓ సీసా తెచ్చి, కొక్కేనికున్న గరాటు వల కొసకి బిగించి, చెయ్యి అలవాటుకొద్దీ పీపాలో ముంచాడు.

"ఆగండి బాబాయ్ గారూ. అవేం నీళ్లు?"

"చెరువువండీ. ఎండలు ముదిరేక కుళాయి సరిగ్గా రావట్లేదు. ఏటా అంతే కదండీ."

ఆమె వల చివరి సీసా విప్పి వెలుగుకేసి పట్టుకుంది. అందులో తెల్లటి చుక్కలు గెంతుతున్నాయి. మే నెల సీసాల్లో ఆమె చూసినవే. కుళాయి నీళ్లు పోసిన నెలల్లో రానివి, చెరువు నీళ్లు పోసిన నెలల్లో సన్నబట్టకి చిక్కి సీసాలోకి దిగాయి. సూర్యారావు చాలాసేపు సీసానే చూశాడు. సాయిబాబు ఇంటి వైపు చూడలేకపోయాడు.

శారోన్ క్షమించమంది. వేసవి సీసాలు తప్ప తక్కినవన్నీ పనికొస్తాయంది.

"తప్పు నాదేనండీ. కానీ అడగాల్సింది నన్ను కదండీ, సాయిబాబుని కాదు." సీసా అందుకుని నీళ్లు పారబోస్తూ, "ఇక మీరు పడవలో ఉంటేనే వల దింపుతాను," అన్నాడు.

"నా మీద అంత నమ్మకం పోయిందా బాబాయ్ గారూ?"

"ఆయ్. మీకు లేనిది నాకెక్కడ్నుంచి వస్తుందండీ?"

ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం శారోన్ అమలాపురంలో తొలి బస్సెక్కి రేవుకి వస్తుంది. సీసా మీద అంటించే చీటీలో ఇద్దరి సంతకాలూ ఉంటాయి.