డొంక ఎక్కడికి పోతుంది?

ఈ రోజు పొద్దున మా ఛత్రినాక గల్లీకి మంచినీళ్ల ఇంజనీరు వచ్చాడు. నల్లాలో మురికినీళ్లు ఎప్పుడు ఆగుతాయని అడిగితే "పరిశీలనలో ఉంది" అన్నాడు. గల్లీ సమస్యల మీద కరపత్రాలు పంచే నాకు ఒళ్లు మండింది.

"డొంకతిరుగుడు మాటలొద్దు సార్!" అని అరిచాను.

పక్కింటి రజియా ఆపా నా భుజం పట్టి ఆపింది. "డొంక అంటే ఏంది తమ్మీ?"

"పొదల నడుమ వంకరటింకర బాట ఆపా. సీదా పోదు, తిరిగి తిరిగి పోతది."

ఆపా ఇంజనీరు వైపు తిరిగింది. "తిరిగితే తిరుగుండ్రి సార్, ఫికర్ లేదు. గా బాట మా నల్లా కాడికి ఏ రోజు చేరుతది?"

ఆయన నవ్వాపుకోలేక, "గురువారం పైపు మార్పిస్తనమ్మా" అన్నాడు.

డొంక కూడా ఎక్కడికో ఒకచోటికి చేరుతుందని నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు. మీ గల్లీలో ఇలాంటి దాటవేసే మాటలను ఏమంటారో చెప్పండి. ఈసారి అరవకుండా వాడతాను.